ఏడు రోజుల ఓడ... ఎవరి రోజు ఎలా?

అమెరికా నుంచి కొడుకు ఫోను. 'అమ్మా, వచ్చేటప్పుడు స్వెట్టర్లూ మంకీ క్యాప్‌లూ పెట్టుకోండి. జులైలో అలాస్కా వెళ్తున్నాం, ఓడలో.' మండువేసవిలో తెనాలి బజారుకెళ్లి స్వెట్టర్లు అడిగితే కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు. అయినా ఎలాగో సంపాదించి పెట్టెలో సర్దుకుంటారు ఆ తల్లిదండ్రులు. విమానం దిగిన వారానికి కొడుకు ల్యాప్‌టాప్ తెరిచి ఓ పట్టిక చూపిస్తాడు. ఎక్సెల్ షీటు! ఏడు రోజులూ గంటల వారీగా గళ్లు కట్టి ఉంటాయి. పొద్దున ఏడింటికి టిఫిను, ఎనిమిదికి తిమింగలాలు, పన్నెండింటికి రోప్‌వే, రెండింటికి హిమానీనదం, ఐదింటికి షాపింగు, ఏడింటికి భోజనం, తొమ్మిదింటికి డ్యాన్స్ షో. 'బాగుందిరా' అంటాడు తండ్రి. ఆయన చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే మోకాలి మీదకు వెళ్తుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లే పెద్దవాళ్లకు నయాగరా, లాస్‌వేగాస్‌ల తర్వాత ఇప్పుడు అలాస్కా క్రూయిజ్ కూడా మామూలైపోయింది. పెద్దవాళ్లకు నడక తక్కువ. పెట్టెలు రోజూ సర్దే పనిలేదు. వంట బెంగ లేదు. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి ఊరే కిటికీ దగ్గరికి వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి!

కానీ డబ్బు కట్టేశాం కదా అని ప్రతి గంటనీ పిండుకోవాలని చూస్తేనే చిక్కు. ఆరు నెలల వీసా మీద వెళ్లిన పెద్దవాళ్లు నిజానికి ఎలా గడుపుతారు? పొద్దున ఎనిమిది కల్లా కొడుకూ కోడలూ పనిలో మునిగిపోతారు, పిల్లలు బడికి పోతారు. పగలంతా టీవీ, కిటికీ. శని, ఆదివారాలు సరుకులకే సరిపోతాయి. అందరూ పగటిపూట ఒకే కప్పు కింద ఉండేది ఈ ఏడు రోజులే. ఇవి ఎలా గడుస్తాయన్నది ఓడ ఎక్కాక కాదు, ఎక్కే ముందే తేల్చుకోవాలి.

ఓ కుటుంబాన్ని అనుకుందాం. 70 ఏళ్ల తాతయ్య, ఆయనకు మోకాళ్ల నొప్పి. 64 ఏళ్ల నాయనమ్మ, మాంసం ముట్టదు. డల్లాస్‌లో ఉద్యోగాలు చేసే కొడుకూ కోడలూ. పదమూడేళ్ల మనవరాలు, ఐదేళ్ల మనవడు. ఆరుగురు. సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగే ఏడు రాత్రుల ప్రయాణం.

ముందు వీసా సంగతి!

టికెట్లు కొనే ముందు చూసుకోవాల్సింది వాతావరణం కాదు, పాస్‌పోర్టులు. సియాటిల్‌లో బయల్దేరే అలాస్కా నౌకలు దాదాపు అన్నీ దారిలో కెనడాలో ఆగుతాయి. ఎక్కువగా విక్టోరియాలో. అక్కడ ఆగేది ఆ ఊరి అందం కోసమే అనుకుంటాం. అసలు కారణం 1886 నాటి ఓ అమెరికా చట్టం. విదేశాల్లో రిజిస్టరైన నౌక అమెరికాలో ఎక్కించుకున్న ప్రయాణికుల్ని అమెరికా రేవుల మధ్యే తిప్పి దింపేయకూడదు, నడుమ వేరే దేశపు రేవును తాకాల్సిందే. పెద్ద క్రూయిజ్ నౌకల్లో చాలా వాటి రిజిస్ట్రేషన్ బహమాస్, పనామా లాంటి చోట్లే మరి. కొవిడ్‌తో కెనడా రేవులు మూసేసినప్పుడు, 2021లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే గానీ ఆ ఏడాది ఓడలు కదల్లేదు.

దీనివల్ల మనవాళ్లకొచ్చే ఇబ్బంది ఏంటంటే- భారత పాస్‌పోర్టు మీద వెళ్లే తాతయ్యకీ నాయనమ్మకీ అమెరికా వీసాతో పాటు కెనడా విజిటర్ వీసా కూడా కావాలి. 'మేం విక్టోరియాలో దిగం, గదిలోనే ఉంటాం' అంటే కుదరదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఆ వీసా అక్కర్లేదు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి కావాలి. చాలా ఇళ్లలో కొడుకూ కోడలూ తమకు అవసరం లేదు కాబట్టి పెద్దవాళ్లకీ అక్కర్లేదనుకుంటారు. కాగితాలు సరిగా లేకపోతే రేవులోనే ఆపేస్తారు, డబ్బూ తిరిగి రాదు. పైగా కెనడాని తాకి తిరిగొస్తారు కాబట్టి అమెరికా వీసా ఒక్క ప్రవేశానికే ఇచ్చింది కాకూడదు. కెనడా వీసాకి వారాలు పట్టొచ్చు. అందుకే ఇండియాలో ఉండగానే ఆ పని మొదలుపెట్టడం మేలు.

రెండో నిర్ణయం- ఎక్కడ ఎక్కాలి? కెనడాలోని వాంకూవర్‌లో బయల్దేరే ఓడలు దీవుల చాటున, పాపికొండల మధ్య లాంచీలో వెళ్లినట్టు ప్రశాంతంగా వెళ్తాయి. సియాటిల్ ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమరగా, బయటి సముద్రంలోంచి పోతాయి. అక్కడ ఊపు ఉంటుంది. తల తిరిగే స్వభావం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో గది తీసుకోవాలి. పై అంతస్తు గదులకు రేటెక్కువ, కుదుపూ ఎక్కువే! మాత్రల గురించి మాత్రం డాక్టర్ని అడగాల్సిందే. బీపీ, షుగర్ మందులు వాడుతున్న పెద్దవాళ్లకి పక్కింటివాళ్లు చెప్పిన బిళ్ల ఇవ్వకూడదు. ఓడలో ఆసుపత్రి ఉంటుంది గానీ బిల్లు చూస్తే రెండోసారి కళ్లు తిరుగుతాయి. విజిటర్స్ ఇన్సూరెన్స్ ఓడ మీదా, కెనడాలోనూ వర్తిస్తుందో లేదో ముందే చదువుకోవాలి.

ఏడులో ఎన్ని?

పేరుకి ఏడు రోజులు. నేల మీద కాలు పెట్టేది మూడు పగళ్లు, ఒక సాయంత్రం. మొదటి రోజు సాయంత్రం నాలుగైదింటికి బయల్దేరతారు. రెండో రోజంతా నీళ్లే. మూడో రోజు జునో, నాలుగో రోజు స్కాగ్వే, ఐదో రోజు గ్లేసియర్ బే- అక్కడ దిగడం ఉండదు, ఓడలోంచే చూడాలి. ఆరో రోజు కెచికాన్, ఏడో రోజు సాయంత్రానికి విక్టోరియా, ఎనిమిదో రోజు తెల్లారేసరికి సియాటిల్. ఓడను బట్టి ఈ వరుస మారుతుంది. కొన్ని ఓడలు గ్లేసియర్ బేకి బదులు ఎండికాట్ ఆర్మ్ లాంటి ఇరుకు పాయల్లోకి వెళ్తాయి. టికెట్టు కొనేటప్పుడే అడగాలి.

ఎక్సెల్ షీటు గీసిన కొడుకు ఇక్కడే పొరబడ్డాడు. మూడు ఊళ్లలో తొమ్మిది కార్యక్రమాలు రాసుకున్నాడు. ముందుగా డబ్బు కట్టి ఖాయం చేసుకోవాల్సినవి నిజానికి రెండే రెండు- జునోలో తిమింగలాలు, స్కాగ్వేలో రైలు. ఈ రెండింటికీ మనిషికి వంద నుంచి రెండొందల డాలర్ల దాకా అవుతుంది. ఆరుగురికి లెక్కేస్తే తక్కువేం కాదు. మిగిలినవన్నీ ఆ రోజు వాన, ఎండ, మోకాళ్లు, పిల్లాడి మూడ్ చూసి అప్పటికప్పుడు అనుకోవచ్చు. చాలావరకు చౌక కూడా.

టూర్లు ఓడ వాళ్ల దగ్గర కొనాలా, బయట కొనాలా? బయట ధర తగ్గుతుంది, గుంపు కూడా చిన్నది. ఓడ వాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, బయటి టూరు ఆలస్యమైతే వెళ్లిపోతుంది. పెద్దవాళ్లతో, పసివాడితో వెళ్లేవాళ్లు బస్సుల్లో దూరం వెళ్లే టూర్లని ఓడ దగ్గరే కొనుక్కోవడం నయం. రేవు పక్కనే అయ్యేవి ఎక్కడ కొన్నా ఒకటే.

ఎక్కిన రోజు, ఊరికే ఉన్న రోజు

ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు రేవులోనే ఇచ్చేయాలి. అవి గది దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. కాబట్టి మందులు, పాస్‌పోర్టులు, పిల్లాడి ఈత బట్టలు, తలా ఒక జర్కిన్ చేతిసంచిలో ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఎక్కేస్తే ఈతకొలను ఖాళీగా ఉంటుంది. ప్రమాదం జరిగితే ఎక్కడ గుమిగూడాలో చెప్పే డ్రిల్లు ఓడ కదలకముందే అందరికీ తప్పనిసరి. ఇప్పుడు చాలా ఓడల్లో టీవీలోనో ఫోనులోనో వీడియో చూసి, చెప్పిన చోటికి వెళ్లి హాజరు వేయించుకుంటే సరిపోతుంది. తాతయ్యా నాయనమ్మలతో పాటే వెళ్లి ఆ చోటు చూపించాలి. అంతస్తులెన్నో, లిఫ్టులెక్కడో, తమ గది ఎటువైపో ఆ సాయంత్రమే ఒకసారి నడిచి చూస్తే పెద్దవాళ్లకి ధైర్యం వస్తుంది. లేకపోతే వారమంతా కొడుకు వచ్చి తీసుకెళ్లేదాకా గదిలోనే కూర్చుంటారు. ఇంట్లో ఉన్నట్టే!

రెండో రోజు సముద్రమే. ఈ రోజుని 'వృథా' కింద లెక్కేసేవాళ్లే ఎక్కువ. ముందురోజు రాత్రే మర్నాటి కార్యక్రమాల జాబితా గదికో, ఫోనుకో వస్తుంది. క్విజ్, వంట ప్రదర్శన, టవల్‌తో ఏనుగు బొమ్మ చెయ్యడం, బింగో, పాటలు, అలాస్కా గురించి ఉపన్యాసం... ముప్పై, నలభై ఉంటాయి. అన్నీ చూడాలనుకుంటే అది సెలవు కాదు, పరీక్షల టైంటేబులు. మనిషికో పెన్సిలిచ్చి, తలా రెండింటికి మించి గుర్తు పెట్టొద్దంటే చాలు. మనవరాలు ఏం గుర్తు పెట్టిందో, నాయనమ్మ ఏం గుర్తు పెట్టిందో చూసుకోవడమే సరదాగా ఉంటుంది. టవల్ ఏనుగు దగ్గర ఇద్దరూ కలిసినా ఆశ్చర్యం లేదు.

పిల్లల క్లబ్బులు చాలా ఓడల్లో ఉచితం. మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లల్ని తీసుకుంటారు. రాత్రి పది దాటాక మాత్రం గంటకింతని వసూలు చేస్తారు. ఐదేళ్లవాడు మొదట గోల చేసినా రంగులూ ఆటలూ చూశాక రానంటాడు. అయితే రోజంతా అక్కడే వదిలేసి, సాయంత్రం తాతయ్య 'వాడేడి?' అని అడిగే పరిస్థితి తెచ్చుకోకూడదు. పొద్దున రెండు గంటలు చాలు. మధ్యాహ్నం పేకముక్కలో, వైకుంఠపాళీయో బయటికి తీయొచ్చు. చాలా ఓడల్లో బల్లలూ కుర్చీలూ ఉన్న కార్డుల గది ఒకటి ఉంటుంది. మనవరాలికి రమ్మీ నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆ పిల్ల తెలుగు తడబడుతూ మాట్లాడినా 'జోకరు' అన్న మాటకి అనువాదం అక్కర్లేదు కదా.

అన్నట్టు, ఫోన్లు. ఓడ మీద ఫోను ఆన్‌లో ఉంటే సముద్రపు నెట్‌వర్క్‌కి తగులుకుని బిల్లు వాచిపోతుంది. ఎక్కగానే అందరివీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయాలి. వైఫైకి విడిగా కట్టాలి. ఇంటికొక్కటి తీసుకుని, తెనాలిలో ఉన్న కూతురికి రోజుకోసారి ఫొటోలు పంపుకుంటే సరి. అలాస్కా గడియారం సియాటిల్ కంటే గంట వెనక. ఫోనులో టైము మారకపోవచ్చు. ఓడ గడియారమే నమ్మాలి.

జునోలో ఎవరి దారి వాళ్లది

జునో అలాస్కా రాజధాని. రాజధానే గానీ బయటి ఊళ్ల నుంచి దానికి రోడ్డు లేదు. ఓడలోనో, విమానంలోనో వెళ్లాల్సిందే. ఆ చిన్న ఊరికి ఓడల తాకిడి ఎంత పెరిగిందంటే, 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలకి మించి రానివ్వకూడదని కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు.

ఇక్కడ ఆరుగురూ కలిసి గుంపుగా తిరగాలన్న పట్టుదల వదులుకోవడమే మంచి ప్లాను. పొద్దున తిమింగలాల పడవకి అందరూ వెళ్లొచ్చు. కూర్చునే ఉండొచ్చు, లోపల వెచ్చగా ఉంటుంది, బాత్రూం ఉంటుంది. ఇవి హంప్‌బ్యాక్ తిమింగలాలు. చలికాలం హవాయి దగ్గర గడిపి, పిల్లల్ని కని, వేసవిలో మేత కోసం వేల మైళ్లు ఈది ఇక్కడికొస్తాయి. హవాయిలో ఉన్నన్నాళ్లూ దాదాపు పస్తే. వాటికి 100 గజాల కంటే దగ్గరగా పడవ వెళ్లకూడదన్నది చట్టం. కాబట్టి బైనాక్యులర్స్ తీసుకెళ్లాలి. మనిషికొకటి అక్కర్లేదు గానీ ఒక్కటే తీసుకెళ్తే అది ఐదేళ్లవాడి మెళ్లోనే ఉంటుంది!

మధ్యాహ్నం విడిపోవచ్చు. కోడలూ మనవరాలూ మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గరికి బస్సులో వెళ్లి, నగెట్ జలపాతం దాకా నడుస్తారు. రానూపోనూ రెండు మైళ్లు, ఎగుడుదిగుళ్లు పెద్దగా లేని దారి. తాతయ్యకి ఆ నడక వద్దు. ఆయనా, నాయనమ్మా, కొడుకూ, పిల్లాడూ రేవు పక్కనే ఉన్న రోప్‌వే ఎక్కితే ఆరు నిమిషాల్లో 1,800 అడుగుల ఎత్తున ఉంటారు. అక్కడ కుర్చీలో కూర్చుని కింద తమ ఓడ అగ్గిపెట్టెంత కనిపిస్తుంటే టీ తాగొచ్చు. నాయనమ్మ ఓపికని బట్టి అటో ఇటో. రెండు జట్లూ రాత్రి భోజనాల దగ్గర కలిసినప్పుడు చెప్పుకోవడానికి కబుర్లు ఉంటాయి. రోజంతా కలిసే తిరిగినవాళ్లకి ఏం మిగులుతుంది? ఎవరి ఫోను వాళ్లకే!

స్కాగ్వేలో మాత్రం అందరూ ఒకే పెట్టెలో కూర్చోవాలి. రైలు పెట్టెలో. 1896లో కెనడా యూకాన్‌లో, క్లాండైక్ ప్రాంతంలో బంగారం దొరికింది. ఆ మర్నాటి ఏడాది నుంచి వేలమంది ఈ స్కాగ్వేలో దిగి కొండలెక్కారు. ఏడాదికి సరిపడా తిండీ సామాన్లూ, అంటే మనిషికి దాదాపు టన్ను బరువు వెంట ఉంటేనే కెనడా పోలీసులు లోపలికి రానిచ్చేవారు. అది మోయలేక ఆ కనుమదారిలో చచ్చిన గుర్రాలు మూడు వేలని చెబుతారు. 1898లో మొదలుపెట్టి 1900 కల్లా రైలు మార్గం వేశారు. పట్టాల మధ్య వెడల్పు మూడడుగులే. 20 మైళ్లలో సుమారు 2,900 అడుగులు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే లోయ బాగా కనిపిస్తుంది. దిగేటప్పుడు సీట్లు తిప్పి, పక్కలు మార్చుకోమంటారు కాబట్టి పోట్లాడుకోనక్కర్లేదు. అరకులోయ రైలెక్కినవాళ్లకి సొరంగాలు చూడగానే బొర్రా గుహలు గుర్తుకొస్తాయి. పిల్లాడు నిద్రపోయినా, తాతయ్య కునుకు తీసినా నష్టం లేదు. రానూపోనూ సుమారు మూడు గంటలు. శిఖరం దాకా వెళ్లి వెనక్కొచ్చే రైలునే ఎంచుకోవాలి. కెనడా లోపలికి వెళ్లి దింపే టూర్లకి మళ్లీ పాస్‌పోర్టులూ వీసాలూ అడుగుతారు.

ఏమీ రాసుకోకూడని రోజు

ఐదో రోజు గడిలో ఒక్క ముక్క కూడా ఉండకూడదు.

గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకి రెండు క్రూయిజ్ ఓడల్నే రానిస్తారు. పొద్దున్నే చిన్న పడవలో పార్కు రేంజర్లు వచ్చి, కదులుతున్న ఓడలోకే నిచ్చెన మీదుగా ఎక్కుతారు. సాయంత్రం దాకా మైకులో వివరిస్తారు, పిల్లలకి విడిగా కబుర్లు చెబుతారు. మధ్యాహ్నం లోపో, కాస్త అటూ ఇటూగానో ఓడ మార్జరీ హిమానీనదం ముందుకి వెళ్లి ఆగుతుంది. మైలు వెడల్పున మంచుగోడ. నీళ్లపైకి 250 అడుగులు, అంటే పాతిక అంతస్తుల మేడంత. వెనకాల 21 మైళ్ల పొడవు.

దాదాపు గంటసేపు అక్కడే ఉంటారు. ఓడ మెల్లగా తిరుగుతుంది, అన్ని వైపులవాళ్లకీ కనిపిస్తుంది. పరుగులు పెట్టక్కర్లేదు. తుపాకీ పేలినట్టు ఓ శబ్దం వస్తుంది. అటు చూసేసరికే మంచు పెళ్ల నీళ్లలో పడిపోయి ఉంటుంది. వెలుగు వచ్చినంత వేగంగా శబ్దం రాదని మనవరాలు తమ్ముడికి చెప్పడానికి ఇదే సమయం. ఫోను పట్టుకుని నిలబడ్డవాళ్లకి ఆ క్షణం దాదాపు ఎప్పుడూ దొరకదు. చేతులు జేబులో పెట్టుకుని గోడనే చూస్తున్నవాళ్లకే దొరుకుతుంది.

ఈ అఖాతం అంతా 1750 ప్రాంతంలో మంచే. 1794లో కెప్టెన్ వాంకూవర్ నౌకాదళం వచ్చినప్పుడు ఇక్కడ కనిపించింది ఐదు మైళ్ల గుంట. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు నలభై మైళ్లకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు ఓడ 65 మైళ్లు లోపలికి వెళ్తే గానీ ఆ గోడ కనిపించదు. మంచు ముందుకొచ్చినప్పుడు ఊళ్లు వదిలి వెళ్లిపోయిన హూనా ట్లింగిట్ ప్రజలకి ఇది పుట్టిల్లు. పోలవరం ముంపు మండలాల సంగతి తెలిసిన తాతయ్యకి ఆ ముక్క వేరే వివరం అక్కర్లేకుండా అర్థమవుతుంది.

గదికి బాల్కనీ ఉందా, లేదా అని బెంగపడక్కర్లేదు. ఈ ఒక్క రోజుకోసం నాలుగు గదులకి బాల్కనీ కొనేవాళ్లున్నారు. పై డెక్కుల మీదే దృశ్యం బాగుంటుంది, రేంజరు మాటా వినిపిస్తుంది. బాల్కనీ కొంటే ఒక్క గదికే, అదీ పెద్దవాళ్ల గదికి కొనాలి. మంచు మీంచి వచ్చే గాలికి పావుగంటలో వేళ్లు కొంకర్లు పోతాయి. లోపలికి వెళ్లి ఓ కప్పు కాఫీ తాగి, మళ్లీ రావొచ్చు. తెనాలి స్వెట్టరు పనికొచ్చేది ఇక్కడే. దానిపైన గాలీ వానా ఆపే జర్కిన్ కూడా ఉండాలి.

అన్నం, ఆవకాయ

నాయనమ్మ అడగలేక అడిగే ప్రశ్న- అక్కడ ఏం తింటాం? మొహమాటపడాల్సిందేమీ లేదు. చాలా ఓడల్లో బఫేలో అన్నం ఉంటుంది. ఏదో ఒక కూర, కొన్నిసార్లు పప్పు కూడా. పెరుగుంటుంది, మన ఇంటి పెరుగులా ఉండదంతే. అసలు కిటుకు డైనింగ్ హాల్లో ఉంది. రోజూ ఒకే టైముకి, ఒకే బల్ల దగ్గర కూర్చునే పద్ధతి ఎంచుకుంటే వడ్డించే మనిషీ ఒక్కరే ఉంటారు. తొలి రాత్రే 'మేం శాకాహారులం, రేపు రాత్రికి పప్పూ కూరా చేయిస్తారా' అని పెద్ద వెయిటర్ని అడిగితే చాలా ఓడల్లో మర్నాడు తెచ్చిపెడతారు. ఓడల సిబ్బందిలో మనదేశం వాళ్లు చాలామంది ఉంటారు. ఓ గోవా కుర్రాడో, ముంబయి కుర్రాడో వంటింట్లోంచి పచ్చిమిరపకాయలు పట్టుకొచ్చినా రావొచ్చు. గుడ్డు, చేపల సాసు కూడా వద్దనుకుంటే ఆ మాట విడమరిచి చెప్పాలి. వాళ్ల లెక్కలో శాకాహారమంటే మన లెక్కే అనుకోకూడదు.

రైస్ కుక్కరు మాత్రం పెట్టెలో పెట్టకూడదు. కుక్కర్లు, కెటిల్సు, ఇస్త్రీపెట్టెలు మంటలకి దారితీస్తాయని తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో వండినవీ చాలా కంపెనీలు ఒప్పుకోవు. సీలు తీయని ప్యాకెట్లకి సాధారణంగా అభ్యంతరం ఉండదు. కాబట్టి ఆవకాయ ఇంటిదైతే ఇంట్లోనే, కొన్నదైతే ఓడలో. ఓడలోని పళ్లూ తిండీ మాత్రం రేవుల్లో కిందికి తీసుకెళ్లకూడదు.

పగలు ఎవరెటు వెళ్లినా రాత్రి భోజనం మాత్రం ఆరుగురూ కలిసే చెయ్యాలని ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. పిల్లాడికి నిద్ర రాకముందే తొలి పంక్తి నయం. సాయంత్రం ఐదున్నరకి భోజనమా అని తాతయ్య విసుక్కుంటారు. అయినా రాత్రి పదింటికి బఫేలో మళ్లీ ఏదో ఒకటి దొరుకుతుంది. జులై మొదట్లో జునోలో పది దగ్గరపడితే గానీ పొద్దు గుంకదు. 'ఇంకా వెలుతురు ఉందిగా' అని పిల్లాడు పడుకోడు. గది పరదాలు దగ్గరికి లాగి, పిన్నీసు పెట్టాలి.

డబ్బు గురించి ఒక మాట. టికెట్టు ధరతో అయిపోదు. సిబ్బందికి టిప్పుల కింద మనిషికి రోజుకి సుమారు 15 నుంచి 20 డాలర్లు బిల్లులో చేరుతుంది. పిల్లాడికీ అంతే. ఆరుగురికి వారానికి ఆరేడు వందల పైనే. కూల్‌డ్రింకులు, వైఫై, ఓడ ఫొటోగ్రాఫరు తీసిన ఫొటోలు అన్నీ విడిగానే. పెద్దవాళ్ల గది కార్డుతో కూడా కొనుక్కోవచ్చని వాళ్లకి చెప్పాలి, ఎంతదాకా అన్నదీ చెప్పాలి. చెప్పకపోతే ఐస్‌క్రీం కూడా అడగరు. బఫేలో ఐస్‌క్రీం ఉచితమని ఏడో రోజు తెలిస్తే బాధేస్తుంది.

వానలో పులస చుట్టాలు

ఆరో రోజు కెచికాన్. ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన, ఆంధ్రప్రదేశ్ సగటుకి మూడు రెట్ల పైమాటే. గొడుగులు గాలికి వెనక్కి తిరుగుతాయి, టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు. చాలా ఓడలు ఇక్కడ పూట మాత్రమే ఆగుతాయి. అందుకని టూర్లేవీ కొననక్కర్లేదు. రేవు నుంచి నడిచేంత దూరంలో క్రీక్ స్ట్రీట్ ఉంది. వాగు మీద కొయ్య గుంజలు పాతి కట్టిన ఇళ్లు, చెక్క వంతెనలు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ వాగులో సాల్మన్ చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి. వరద గోదావరిలోకి సముద్రం నుంచి ఎదురొచ్చే పులసల్లాగే. కాకపోతే ఈ సాల్మన్లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి, వెనక్కెళ్లవు. ఆ వంతెన మీద తాతయ్య పులస కథ చెప్పడం మొదలుపెడితే ఎవరూ టైము చూడకూడదు. సాక్స్‌మన్‌లో, టోటెమ్ బైట్ పార్కులో దేవదారు మానుల్లో చెక్కిన టోటెమ్ స్తంభాలుంటాయి. చూడగానే ధ్వజస్తంభాలనిపించి నాయనమ్మ చేతులెత్తొచ్చు. అవి పూజించేవి కావు, వంశాల చరిత్రలు. చూపించే ట్లింగిట్ మనుషుల్ని అడిగితే ఏ బొమ్మ ఏ కథో చెబుతారు.

ఏడో రోజు సాయంత్రం విక్టోరియా. సున్నపురాయి గనిని తోటగా మార్చిన బుచార్ట్ గార్డెన్స్ ఉంది గానీ ఊరికి దూరం. రాత్రి పొద్దుపోయాక ఆరుగుర్నీ బస్సెక్కించడం కంటే, ఓపిక ఉన్న ఇద్దరు ఊళ్లోకి వెళ్లొస్తే మిగిలినవాళ్లు పెట్టెలు సర్దుకోవచ్చు. ఆ రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టేస్తే సిబ్బంది తీసుకెళ్లి, మర్నాడు రేవులో అప్పజెబుతారు. పొద్దున వేసుకునే బట్టలూ, చెప్పులూ, మందులూ, పాస్‌పోర్టులూ మాత్రం చేతిసంచిలో ఉంచుకోవాలి. ఆత్రంగా అన్నీ సర్దేసి, తెల్లారి లుంగీ మీద ఓడ దిగాల్సొచ్చిన తాతయ్యలూ ఉన్నారు.